సూది గుచ్చుకున్న పిల్ల ఎవరి లెక్కలోకి వస్తుంది?

గత డిసెంబరులో ఒక పొద్దున, ఏడూ ముప్పావు అయ్యుంటుంది. గుంటూరు కొత్తపేటలో మా ల్యాబు ముందు పరగడుపున వచ్చినవాళ్లు పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. షుగర్లు, థైరాయిడ్లు, ఆపరేషన్‌కి ముందు చేయించే టెస్టులు. ఆ టైములో మాకు తల ఎత్తే తీరిక ఉండదు. వెనక ట్రే దగ్గర నుంచి "అక్కా" అని సన్నగా వినిపించింది. తిరిగి చూస్తే ఓజేటీకి, అంటే కోర్సులో భాగంగా పనిచోట నేర్చుకోవడానికి, వచ్చిన ఇంటర్ సెకండియర్ పిల్ల, ఎడమచేతి చూపుడు వేలు పట్టుకుని నిలబడి ఉంది. గ్లవ్ లోపల రక్తపు బొట్టు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయి గుచ్చుకుంది.

వాడిన సూదికి మూత పెట్టకూడదు, అలాగే తెల్ల డబ్బాలో వేసేయాలి అని మొదటిరోజే చెప్పాను. చెప్పానంటే, ఒక చేత్తో ట్యూబులు పట్టుకుని, ఇంకో చేత్తో పేషెంటుకి కుర్చీ చూపిస్తూ చెప్పాను. పక్కన నిలబడి నాలుగుసార్లు చేయించి చూడలేదు. ఆ పిల్ల తల ఊపింది, నేను అర్థమైందనుకున్నాను.

వేలు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద కడిగించాను. ఆ సూదితో రక్తం తీసింది సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి. ఆయనకి హెచ్ఐవీ పరీక్ష చేయాలంటే ఆయన ఒప్పుకోవాలి, చట్టం అదే చెబుతుంది. జరిగింది చెప్పి అడిగాను. "చిన్నపిల్ల, ఎంత కావాలంటే అంత తీసుకోండమ్మా" అని చెయ్యి చాపాడు. రిపోర్టులు చూసి డాక్టరు గారు హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అక్కర్లేదన్నారు. అక్కరపడితే ఆ మందులు రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో ఉచితంగానే ఇస్తారు. అంత దూరం రాలేదు. కానీ ఆ గంటన్నర టెన్షన్ ఎలాంటిదో మా పనిలో ఉన్నవాళ్లకి తెలుసు.

మా ఫీల్డులో అందరికీ నేర్పే లెక్క ఒకటుంది. రోగం ఉన్నవాళ్ల సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం హెచ్ఐవీకి వెయ్యిలో 3, హెపటైటిస్ సికి వందలో 3, టీకా లేనివాళ్లకి హెపటైటిస్ బికి వందలో 30 దాకా. మూడింటిలో టీకా ఉన్నది బికి ఒక్కదానికే. అది వేయించకుండానే ఆ పిల్లని మా ట్రే దగ్గర నిలబెట్టాం. చిన్నప్పుడు వేశారేమోనని వాళ్లమ్మని అడిగితే గుర్తు లేదంది, కార్డు ఎప్పుడో పోయింది. మొదటి డోసు ఆ రోజే వేయించాను.

డబ్బులు నేనే కట్టాను. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అది ఎవరు కట్టాలి అని అడిగితే ఆ రోజు వచ్చిన జవాబుల వల్లే ఈ పోస్టు రాస్తున్నాను. మా ల్యాబు యజమాని "మన స్టాఫ్ కాదు కదమ్మా, కాలేజీ వాళ్లు చూసుకోవాలి" అన్నారు. కాలేజీ లెక్చరర్ గారు పాపం వెంటనే వచ్చారు. "మా దగ్గర దీనికి పద్దు లేదు మేడమ్, ప్రిన్సిపాల్ గారు రాయాలన్నా ఏ హెడ్ కింద రాస్తారు?" అన్నారు. వాళ్లమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. "ఎంతయిందో చెప్పండి మేడమ్ గారూ, శనివారం బట్వాడా రాగానే పంపిస్తా" అంది. ఆ పిల్ల బాధ్యత మాదా కాలేజీదా అని మేం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. బిల్లు కడతానన్నది ఆమె ఒక్కతే.

బెంచీ కూడా తరగతి గదే

నేను ఇంటర్‌లో ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, చదివే ఈ పనిలోకి వచ్చాను. పంతొమ్మిదేళ్లు అయింది. మా ల్యాబుకి ఏటా నలుగురో ఆరుగురో ఒకేషనల్ (వృత్తి కోర్సు) పిల్లలు వస్తారు. మేడికొండూరు, ఫిరంగిపురం, ప్రత్తిపాడు వైపు వాళ్లు. వాళ్లకి నిజంగా పని వచ్చేది ఎక్కడో నాకు తెలుసు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీకి పర్పుల్ మూత, షుగర్‌కి గ్రే మూత అని పుస్తకంలో ఉంటుంది, పరీక్షలో రాస్తారు కూడా. నీలం మూత ట్యూబులో రక్తం గీత దాకా రాకపోతే ఆ శాంపిల్ పనికిరాదని, సిరంజి గట్టిగా లాగితే కణాలు పగిలి సీరం ఎర్రబడి పొటాషియం తప్పుగా వస్తుందని చేతికి తెలియాలంటే ఎవరో ఒకరు పక్కనుండి చూపించాలి. నరం కంటితో కాదు, వేలి కొసతో వెతకాలి. అది నేను నా చెయ్యి ఇచ్చి నేర్పుతాను. నా మోచేతి మడత మీద నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు తెనాలిలో, నరసరావుపేటలో, విజయవాడలో పెద్ద ల్యాబుల్లో ఉన్నారు.

కాలేజీలో ఆ పిల్ల కూర్చునే గదికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. లెక్చరర్‌కి జీతం, కరెంటుకి బిల్లు, మైక్రోస్కోపుకి గ్రాంటు, ఎంత అరకొరగా ఉన్నా ఒక పద్దంటూ ఉంటుంది. అదే పిల్ల రోడ్డు దాటి మా దగ్గరికి రాగానే ఆ లెక్క సున్నా అయిపోతుంది. కోర్సు మొత్తంలో ఎక్కువ నేర్చుకునేదీ అక్కడే, దెబ్బ తగిలే అవకాశం ఉన్నదీ అక్కడే. అక్కడ చదువు ఊరికే జరిగిపోతుందని అందరం అనుకుంటున్నాం.

ఊరికే జరగదు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మా ల్యాబులో ముగ్గురమే రక్తం తీస్తాం. ఒక పిల్ల చేత ఒక శాంపిల్ తీయించే టైములో నేను నాలుగు తీస్తాను. నేర్పితే లైను ఆగుతుంది, లైను ఆగితే పేషెంట్లు అరుస్తారు, పదకొండింటికి రిపోర్టు ఇస్తామని చెప్పిన డాక్టర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందుకే చాలాచోట్ల ఏమవుతుందంటే, పిల్లల్ని రిజిస్టరు దగ్గర కూర్చోబెడతారు. పేర్లు పిలిపిస్తారు, బార్‌కోడ్‌లు అంటింపిస్తారు. ఓజేటీ 24 రోజులు అయ్యాక రికార్డు మీద సంతకం పెట్టి పంపిస్తారు. వాళ్లని నేర్చుకోనీయకూడదని ఎవరికీ లేదు. నేర్పే గంటకి జీతమిచ్చేవాళ్లు లేరు, అంతే.

ఆటోనగర్‌లో మామయ్య చెప్పిన మాట

ఈ గొడవ జరిగాక సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు మా మేనమామతో చెప్పాను. ఆయనకి ఆటోనగర్‌లో లేత్ షాపు, ముప్పై ఏళ్లు దాటింది. ఆయన నన్ను సమర్థిస్తాడని అనుకోలేదు. "మేమంతా డబ్బుల్లేకుండానే నేర్చుకున్నాం, డబ్బుల్లేకుండానే నేర్పాం" అంటాడని సిద్ధంగానే ఉన్నాను. అదే అన్నాడు. కాసేపటికి ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"అప్పట్లో పిల్లాడు మూడేళ్లు షాపులో ఉండేవాడమ్మా. మొదటి ఏడాది వాడు పాడుచేసిన ఇనుము, నేను వాడికి పెట్టిన టైము, తర్వాతి రెండేళ్లలో వాడి పని వల్ల నాకు తిరిగొచ్చేది. ఇరవై నాలుగు రోజులకి వచ్చి వెళ్లిపోయే పిల్లాడు నాకేం తిరిగిస్తాడు? ఒకరోజు లేత్ ఆపి నేర్పితే, ఆ రోజు పోయినట్టే."

నేను ఇన్నేళ్లుగా చెప్పలేకపోయింది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. పాత పద్ధతి ఉచితం కాదు. అక్కడ పిల్లాడే తన పనితో ఫీజు కట్టేవాడు. ఇప్పుడు పదిహేడేళ్ల పిల్లల్ని మూడేళ్లు షెడ్డులో పెట్టమని నేను అడగను. వాళ్లు చదువుకోవాలి, పరీక్షలు రాయాలి, కావాలంటే బ్రిడ్జి కోర్సు అనే అదనపు పరీక్షలు రాసి డిగ్రీకి వెళ్లాలి. అది మంచి మార్పు. కానీ ఆ రెండేళ్ల పని తీసేసినప్పుడు నేర్పేవాడికి దక్కాల్సిన ఫీజు కూడా పోయింది. దాన్ని ఇంకెవరైనా భర్తీ చేయాలి. ఇది ప్రజల పిల్లల చదువు కాబట్టి ప్రజల డబ్బే భర్తీ చేయాలని నేనంటాను.

డబ్బు ఉంది, ఆలస్యంగా మొదలవుతుంది

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. 1986 జాతీయ విద్యా విధానం ప్లస్ టూ పిల్లల్లో 1990 కల్లా 10 శాతం, 1995 కల్లా 25 శాతం ఒకేషనల్‌లో ఉండాలని రాసుకుంది. అదే ఏడాది 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని సవరించి ఒకేషనల్ చదివినవాళ్లనీ అందులోకి తెచ్చారు. అప్రెంటిస్‌లకి యజమానులు ఇచ్చే స్టైపెండ్‌లో కొంత కేంద్రం తిరిగి ఇచ్చే పథకాలు వచ్చాయి. 2016లో మొదలైన అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో అది నాలుగో వంతు, నెలకి 1,500 రూపాయలకి మించకుండా. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ ప్రకటించినప్పుడు నెలకి 5,000 అన్నారు, 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకి. ఇన్ని చేసినా 2020 విద్యా విధానం తన పత్రంలోనే ఒప్పుకున్నది ఏమిటంటే, మన దగ్గర 19–24 ఏళ్ల పనివాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ అందినవాళ్లు 5 శాతం కన్నా తక్కువ. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96.

ఆ పథకాల్లో ఏదీ సూది గుచ్చుకున్న మా పిల్ల దాకా రాదు. ఆమెకి పదిహేడేళ్లు, ఇంకా కోర్సులోనే ఉంది. స్టైపెండ్లు చాలావరకు పాసయ్యాక మొదలవుతాయి. అప్రెంటిస్‌లని తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన 30 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న చోట వర్తిస్తుంది, మా ల్యాబులో మేం 11 మందిమి. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016వి, సిబ్బందికీ ఆ వ్యర్థాలు ముట్టుకునే ఇతరులకీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలంటాయి. ఆ "ఇతరుల్లో" ఓజేటీ పిల్లలు ఉన్నారనే నేనంటాను. కానీ మా టీకా రిజిస్టరులో స్టాఫ్ పేర్లే ఉన్నాయి.

మనసు పెడితే ఎంత తేలికో మన రాష్ట్రంలోనే చూశాం. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం చేశాక మా ల్యాబుకొచ్చే అమ్మాయిల చార్జీల బాధ ఒక్క రోజులో తీరిపోయింది. మగపిల్లలకి మాత్రం ఉంది. వాళ్ల పాసు ఊరి నుంచి కాలేజీ దాకానే, ల్యాబు దాకా కాదు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు, విజయవాడ పాయకాపురం కాలేజీలో మొదలైంది. చాలా మంచి పని. ఓజేటీ రోజుల్లో ఆ భోజనం మాత్రం పిల్లలకి అందదు. ఒక పిల్ల మూడు రోజులు వరసగా "ఆకలిగా లేదక్కా" అంటే నాలుగో రోజు నాకు అర్థమైంది.

మా పెద్దమ్మ కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. వాళ్ల విక్టోరియా రాష్ట్రంలో హైస్కూలు చివరి ఏళ్లలో వృత్తి కోర్సు తీసుకున్న పిల్లలు పనిచోటుకి వెళ్లి నేర్చుకోవడం ఒక పద్ధతిగా ఉందని చెప్పాడు. పంపేముందు బడి, యజమాని, తల్లిదండ్రులు ఒప్పందం మీద సంతకాలు పెడతారు. పిల్లకి రోజుకి కనీసం 5 డాలర్లు ఇవ్వాలి. దెబ్బ తగిలితే బీమా విద్యాశాఖ వైపు నుంచి ఉంటుంది. 5 డాలర్లు అక్కడ ఒక పూట భోజనానికి కూడా చాలవట. నాకు ఆ డాలర్ల కన్నా ఆ బీమా మాట మనసులో నిలిచింది. బడి తన పిల్లని రోడ్డు దాటించాక కూడా ఆ పిల్ల బడి లెక్కలోనే ఉంటుంది.

నాకోసమే అడుగుతున్నానా?

నా వాదనలో నాకే గుచ్చుకునే చోటు ఒకటుంది. నేర్పేవాళ్లకి డబ్బివ్వాలి అంటున్నాను, నేర్పేది నేనే. దీని గురించి చాలా రోజులు ఆలోచించాను.

ముందు లెక్క చెబుతాను. 18,000 జీతం వచ్చే టెక్నీషియన్‌కి, 26 రోజులు, రోజుకి 8 గంటలు వేసుకుంటే, గంటకి సుమారు 86న్నర రూపాయలు. రోజుకొక గంట చొప్పున 24 రోజులు నేర్పితే 2,080 లోపే. ఒక టెక్నీషియన్‌కి ఇద్దరు పిల్లలు అనుకుంటే ఒక్కో పిల్లకి వెయ్యీ నలభై. టీకా మూడు డోసులు, ఏడాది ప్రమాద బీమా కలిపినా ఇంకో వెయ్యి దాటుతుందని నేననుకోను. తల్లికి వందనం కింద తల్లుల ఖాతాల్లో పిల్లకి 13,000 చొప్పున వేయగలిగిన రాష్ట్రానికి ఇది మోయలేని బరువు కాదు. ఆ 13,000 ఉంది కదా, అందులోంచే పెట్టుకోవచ్చు కదా అని నన్ను ఒకరు అడిగారు. అది ఇంటి డబ్బు. తరగతి గది ఫ్యాను తల్లి ఖాతాలోంచి కొనమని మనం అనం కదా.

ఆ డబ్బు ల్యాబు యజమాని చేతికి ఇవ్వకూడదు, నేర్పినవాళ్ల ఖాతాలోనే పడాలి. ఈ మాట మా ల్యాబు యజమాని డాక్టరు గారికి నచ్చదని తెలుసు. ఆయన కుర్చీ, ఆయన కిట్లు, ఆయన పేషెంట్లు. ఆయన వైపూ న్యాయం ఉంది. కానీ తలకి ఇంత అని సంస్థలకి డబ్బిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక, కాలు కదపకుండా సర్టిఫికెట్ కొనుక్కున్న పిల్లలు మా బంధువుల్లోనే ఉన్నారు. ల్యాబుకి డబ్బు వస్తుందంటే ఆరుగురు పట్టేచోట ముప్పై మంది పేర్లు రాసేవాళ్లూ ఉంటారు. ఒక టెక్నీషియన్‌కి ఇద్దరే అని కట్టడి పెట్టాలి. పిల్ల ఏ పని చేతితో చేసి చూపించిందో రోజువారీ పుస్తకంలో ఉండాలి. అది చూడటానికి లెక్చరర్ వారానికొకసారైనా రావాలి.

ఆ రావడానికి కూడా డబ్బు కావాలి. మా దగ్గరికి వచ్చే లెక్చరర్ గారు కాంట్రాక్టు మనిషి. పిల్లలు పది చోట్ల ఉంటారు, ఆయన సొంత బండి మీద, సొంత పెట్రోలుతో తిరుగుతారు. నెలలో ఒకసారి వచ్చి, నిలబడే టీ తాగి, సంతకం పెట్టి వెళ్తారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఒకవేళ ప్రభుత్వం ఒక్కదానికే డబ్బిస్తానంటే ఏది అడగాలి అని నన్ను నేను ప్రశ్నించుకుంటే, కొన్ని రోజులు నా గంట అనిపిస్తుంది, కొన్ని రోజులు ఆయన పెట్రోలు అనిపిస్తుంది. చూసేవాళ్లు లేకపోతే నేను కూడా బద్ధకిస్తాను. డిసెంబరులో ఆ పిల్ల పక్కన నేను నిలబడలేదు కదా.

తొడిమల పనికి వెళ్లిన అమ్మాయి

ఇంకొక పిల్ల గురించి చెప్పకుండా దీన్ని ముగించలేను. రెండేళ్ల కిందట వచ్చిన అమ్మాయి, చాలా చురుకు. మొదటి వారం తర్వాత రావడం తగ్గించింది. ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. గట్టిగా తిట్టాను, నీలాంటి వాళ్ల వల్లే మిగతా పిల్లలకి చెడ్డపేరు అన్నాను. అప్పుడు ఏమీ అనలేదు. చివరిరోజు రికార్డు మీద సంతకం చేయించుకునేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంది. చూపించమంటే చూపించింది. వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీ దగ్గర వాళ్లమ్మతో కలిసి తొడిమలు తీయడానికి వెళ్తోంది. కాలేజీ ఉన్న రోజుల్లో కుదరదు, ఓజేటీ రోజుల్లో హాజరు చూసేవాళ్లు లేరు కాబట్టి కుదిరింది.

స్టైపెండ్ మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి. స్టైపెండ్ భారం ల్యాబుల మీద పెడితే, డబ్బిస్తున్నాం కదా అని పిల్లల చేత పనివాళ్ల చాకిరీ చేయించుకుంటారు, నేర్పడం ఇంకా వెనకబడుతుంది. అందుకని టీకా, బీమా ముందు, నేర్పే గంట తర్వాత, స్టైపెండ్ ఆఖరున అని నేను వరస పెట్టుకున్నాను. కానీ ఆ అమ్మాయిని అడిగితే ఈ వరస తిరగేస్తుంది. రోజుకి కూలిలో సగమైనా ప్రభుత్వమే ఇస్తే ఆ పిల్ల మా దగ్గరే ఉండేది, నేర్చుకునేది. ఆమెకి నా దగ్గర సరైన జవాబు లేదు.

డిసెంబరు పిల్లకి జనవరిలో రెండో డోసు వేయించాను. ఈసారి వాళ్లమ్మ పట్టుబట్టి డబ్బులు చేతిలో పెట్టింది, వద్దంటే బాధపడేట్టుందని తీసుకున్నాను. మూడో డోసు ఆరో నెలలో, అంటే జూన్‌లో. అప్పటికి పరీక్షలు అయిపోయి కాలేజీ రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఉండదు, మా దగ్గర ఎప్పుడూ లేదు. నా ఫోన్‌లో తేదీ పెట్టుకున్నాను. లెక్చరర్ గారు వచ్చే బ్యాచ్ నుంచి తను పంపే లిస్టులో పేరు, గ్రూపు, ఊరు పక్కన టీకా అని ఇంకో గడి గీస్తానన్నారు. గడి గీయడానికి పద్దు అక్కర్లేదు. అది నింపడానికి అయ్యే ఖర్చు కోసం ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ గారికి ఒక లెటర్ రాశాం, పైన చెప్పిన లెక్కలన్నీ వేసి.